రెండు కొండలు దాటాక

బొమ్మ గీయమంటే చాలు, మన బడుల్లో ఏ తరగతికి వెళ్లినా ఒకటే బొమ్మ కనిపిస్తుంది. రెండు కొండలు, నడుమ సూర్యుడు, కిందికి దిగే ఏరు, ఒడ్డున గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు, పైన రెండు గీతల పక్షులు. కొండ మొహమే ఎరగని కోనసీమ పిల్లలూ అదే గీస్తారు, కొబ్బరిచెట్టు లేని ఊరి పిల్లలూ అదే గీస్తారు. పాపం, వాళ్ల తప్పేముంది? పక్కవాడి కాగితం చూసి నేర్చుకున్నారు. కిటికీలోంచి బయటికి చూసి గీయమని చెప్పినవాళ్లు లేరు.

బడిలో ప్రతి పిల్లకీ ఒక బొమ్మల డైరీ ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే. గీతల్లేని తెల్లకాగితాల నోటుపుస్తకం ఏదైనా సరిపోతుంది. ఆ రోజు కంటబడినది ఏదో ఒకటి గీయాలి, తేదీ వేయాలి, పక్కన ఒకటి రెండు మాటలు రాయాలి. బస్సు టికెట్టో, ఎండిన ఆకో, చాక్లెట్ కాగితమో అన్నం మెతుకులతో అంటించినా మంచిదే. రబ్బరు మాత్రం వద్దు. తప్పుపోయిన గీత పక్కనే సరైన గీత పడితే, చూపు ఎక్కడ మారిందో ఆ పేజీయే చెబుతుంది.

చింతచెట్టు లేని బడి ఆవరణ మన దగ్గర అరుదు. చింతాకు గీయమంటే పిల్లలు మొదట కోడిగుడ్డు ఆకారంలో ఒక ఆకు వేసి ఊరుకుంటారు. రెమ్మ తెంపి ముందు పెడితే కథ మారుతుంది. ఈనెకు అటొకటి ఇటొకటి, ఎదురెదురుగా జతలు జతలుగా బుల్లి ఆకులు. గీయాలంటే లెక్కపెట్టక తప్పదు. అదే చెట్టును పొద్దుగూకాక ఇంకోసారి గీసుకు రమ్మనండి. ఆకులన్నీ ముడుచుకుని ఉంటాయి. పొద్దుటి బొమ్మ, సాయంత్రపు బొమ్మ ఎదురెదురు పేజీల్లో కనబడితే, ‘ఎందుకు ముడుచుకుంది టీచర్?’ అనే ప్రశ్న పిల్లల నోటినుంచే వస్తుంది. సైన్సు పాఠం అక్కడ మొదలుపెట్టుకోవచ్చు.

అయితే పిల్లలకు పుస్తకాలు పంచేసి టీచరు కుర్చీలో కూర్చుంటే ఈ పని సాగదు. ఆవిడ చేతిలోనూ ఒక డైరీ ఉండాలి, ఆవిడా అదే రెమ్మ ముందు కూర్చుని గీయాలి. బొమ్మ బాగా రాకపోయినా ఫరవాలేదు, తలెత్తి చూడటం, తలదించి గీయడం పిల్లల కంటపడితే చాలు. ఒకప్పుడు రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే దొర స్వయంగా నీటిరంగులు వేసేవాడు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు ఆయన చేరదీసిన కుర్రాళ్లే. రామారావును బొంబాయి జె.జె. స్కూలుకు వెళ్లేలా ప్రోత్సహించిందీ ఆయనే. ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే, 1925లో, రామారావు పోయాడు. అయినా ఆంధ్ర చిత్రకళ అన్నప్పుడల్లా ఆ పేరు ముందుకొస్తుంది. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ ఎప్పుడూ కార్డులు దగ్గర పెట్టుకుని, చూసింది చూసినట్టు గీసి, శిష్యులకు ఉత్తరాలుగా పంపేవారు. అక్కడే చదువుకున్న దేవీప్రసాద్ 1944లో సేవాగ్రామ్ బడికి వెళ్లి చాలా ఏళ్లు పల్లె పిల్లలతో బొమ్మలు వేయించారు. చదువంతటికీ కళే పునాది అని ఆ అనుభవంలోంచే పుస్తకం రాశారు. వీళ్లెవరూ పిల్లలకు చెప్పి తాము మానేసినవాళ్లు కారు.

ఇక మార్కులు. పిల్లల డైరీ మీద ఎర్ర సిరా పడకూడదు, ఈ విషయంలో నేను రాజీపడను. ‘గుడ్’ అని రాసినా నష్టమే, మరునాటినుంచి పిల్లలు ఆ గుడ్ కోసమే గీస్తారు, మళ్లీ రెండు కొండలు ప్రత్యక్షమవుతాయి. ‘ఇదేంట్రా?’ అని అడిగితే పిల్లవాడు ముడుచుకుపోతాడు. ‘దీని గురించి చెప్పు నాన్నా’ అంటే వాళ్ల గేదె ఎలా ఈనిందో మొదటినుంచీ చెప్పుకొస్తాడు. ఇంకొకటి, పిల్లలు మడతపెట్టిన పేజీని టీచరు తెరవకూడదు. ఇంట్లో గొడవలు, పోయిన తాతయ్య, స్నేహితురాలితో పడని మాటలు అలాంటి పేజీల్లోకే వస్తాయి.

సిలబస్‌కే టైము చాలడం లేదంటారు టీచర్లు. నిజమే, వాళ్ల మీద భారం నాకు తెలియనిది కాదు. హాజరు పిలిచేంతసేపు పిల్లలు ఊరికే కూర్చుంటారు కదా, ఆ కాసేపు చాలు. కళను పదో తరగతి దాకా తప్పనిసరి పాఠ్యాంశం చేయాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రమే చెప్పింది, కాబట్టి ఇదేమీ దొంగచాటు పని కాదు.

జూన్‌లో బడులు తెరుస్తారు. పిల్లల పుస్తకాల సంగతి తర్వాత, టీచర్లు ముందు తమకొకటి కొనుక్కుని సెలవుల్లోనే మొదలుపెడితే బాగుంటుంది. కాఫీ గ్లాసు, గుమ్మంలో చెప్పులు, ఆరేసిన చీర, ఎదురుగా ఉన్నదేదైనా సరే. మొదటి తెల్లపేజీ భయపెడితే దాన్ని వదిలేసి, మధ్యలో ఎక్కడో ఒకచోట తెరిచి గీయండి.