ఏడు రోజుల కాపలా

ఎథీరియం మీదున్న టోకెన్‌ను ఆప్టిమిజం లాంటి రెండో పొరకు పంపడానికి కొద్ది నిమిషాలు చాలు. అదే టోకెన్‌ను వెనక్కి తెచ్చుకోవాలంటే వారం దాటుతుంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన ప్రోగ్రామర్లు ఆ ఆలస్యాన్ని లోపం కింద జమకడతారు. ఈ మొత్తం ఏర్పాటులో అన్నిటికన్నా విలువైనది ఆ వారమేనని నా నమ్మకం.

పంపడం అంటున్నాం గానీ టోకెన్ నిజానికి ఎక్కడికీ కదలదు. తాకట్టు కొట్లో నగ పెట్టి రసీదు తెచ్చుకోవడం లాంటిదే ఇది. అసలు టోకెన్‌ను మొదటి పొర అయిన ఎథీరియం మీది బ్రిడ్జి కాంట్రాక్టు తన దగ్గర పెట్టుకుంటుంది. రెండో పొరలో అంతే మొత్తానికి మరో టోకెన్ పుడుతుంది. తిరుగు దారిలో ఇది రద్దవుతుంది, అది విడుదలవుతుంది.

ఈ తతంగమంతా ఆప్టిమిజం ఎస్‌డీకేలో నాలుగైదు ఫంక్షన్లుగా ఉంటుంది. తర్వాత వచ్చిన లైబ్రరీలలోనూ మెట్లు అవే. మొదటిది అప్రూవ్. ఎందుకీ అదనపు లావాదేవీ, టోకెన్‌ను నేరుగా బ్రిడ్జి చిరునామాకు పంపేస్తే పోలా అనిపిస్తుంది. పంపితే నిజంగానే పోతుంది. 2015లో ప్రతిపాదించిన ఈఆర్‌సీ-20 పద్ధతిలో మామూలు బదిలీ జరిగినప్పుడు టోకెన్ తన ఖాతాలో అంకెలు మార్చుకుంటుందే తప్ప, అందుకున్న కాంట్రాక్టుకు కబురు చేయదు. సొమ్ము వచ్చిందని బ్రిడ్జికి తెలియదు, రెండో పొరలో ఏదీ పుట్టదు. అందుకే ముందు ‘నా ఖాతా నుంచి ఇంత తీసుకోవచ్చు’ అని అనుమతి ఇచ్చి, ఆ తర్వాత డిపాజిట్‌ను పిలవాలి. అనుమతి కూడా పంపే మొత్తానికే ఇవ్వాలి. హద్దులేని అనుమతి ఇచ్చేసి మరిచిపోతే, రేపు ఆ కాంట్రాక్టులో తప్పు బయటపడిన రోజు ఖాతాలో ఉన్న ఆ టోకెన్ మొత్తం పోవచ్చు.

అంకెల దగ్గరా ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. కాంట్రాక్టులకు దశాంశాలు తెలియవు. యూఎస్‌డీసీకి 6 స్థానాలు, కాబట్టి 100 యూఎస్‌డీసీని 100000000 అని రాయాలి. డాయ్‌కి 18 స్థానాలు. ఒకదాని లెక్క మరొకదానికి వాడితే లక్ష కోట్ల రెట్ల తేడా వస్తుంది.

ఇక తిరుగు ప్రయాణం. 2023 జూన్‌లో వచ్చిన బెడ్‌రాక్ మార్పుతో ఇది మూడు మెట్లయింది. రెండో పొరలో విత్‌డ్రా చేయాలి. ఆ పొర స్థితి ఎథీరియం మీద నమోదయ్యే దాకా ఆగి, మన విత్‌డ్రా అందులో ఉందని మెర్కిల్ ప్రూఫ్‌తో నిరూపించాలి. ఆ తర్వాత 7 రోజులు ఆగి ఫైనలైజ్ చేయాలి. మధ్యలో ఎస్‌డీకేను అడిగితే ‘అభ్యంతరాల గడువులో ఉంది’ అని జవాబిస్తుంది.

ఆ గడువు ఎవరి కోసం? రెండో పొర లెక్కలను ఎథీరియం తిరిగి చేసి చూడదు, సరైనవేనని అనుకుని ముందుకు పోతుంది. ఎవరైనా దొంగ లెక్క నమోదు చేస్తే, నిజాయితీగా గమనిస్తున్న ఒక్కరు సవాలు చేసినా చాలు. ఆ ఒక్కరి లావాదేవీని కొన్నాళ్లు అడ్డుకున్నా సరే, చివరికి ఎథీరియంలోకి చేరేంత వ్యవధి ఉండాలి. 2024 జూన్‌లో ఆప్టిమిజంలో ఫాల్ట్ ప్రూఫ్‌లు అమల్లోకి వచ్చాక ఇరుపక్షాలూ డిపాజిట్ కట్టి వాదించుకునే వీలు కలిగింది. వివాదాన్ని సగానికి సగం తగ్గించుకుంటూ, చివరికి ఒకే ఒక్క మెషిన్ ఆదేశం దగ్గరికి తెచ్చి అక్కడ తేలుస్తారు. ఇంత పెద్ద లెక్కను అంత చిన్న ప్రశ్నగా కుదించడం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఈ కాపలా లేని బ్రిడ్జి గతి 2022 మార్చిలో రోనిన్ విషయంలో చూశాం. అక్కడ తొమ్మిది వాలిడేటర్లలో ఐదుగురి సంతకాలుంటే సొమ్ము విడుదలయ్యేది. ఆ ఐదు తాళాలూ దొంగల చేతికి చిక్కాయి. 1,73,600 ఈథర్, 2.55 కోట్ల యూఎస్‌డీసీ పోయాయి. పోయిన సంగతి ఆరు రోజులకు గానీ బయటపడలేదు.

వారం ఆగలేనివారికి వెంటనే సొమ్ము చేతికిచ్చే సేవలున్నాయి. వాళ్లు తమ సొమ్ము ముందుగా ఇచ్చి, రుసుము తీసుకుని, వారం రోజుల నిరీక్షణను తాము భరిస్తారు. చిన్న మొత్తాలకు అది సబబే. పెద్ద మొత్తానికి మాత్రం నేను అసలు దారినే ఎంచుకుంటాను. ఆ దారిలో వెళ్లేవారు మొదటి పొరలో కొంత ఈథర్ మిగుల్చుకోవాలి. నిరూపణకూ ఫైనలైజ్‌కూ గ్యాస్, అంటే లావాదేవీ రుసుము, అక్కడే చెల్లించాలి. ఉన్నదంతా రెండో పొరకు తరలించేస్తే తిరిగొచ్చే దారి మధ్యలోనే ఆగిపోవాల్సి వస్తుంది. సెపోలియా టెస్ట్‌నెట్‌లో విలువలేని ఈథర్‌తో ఈ మెట్లన్నీ ఒకసారి చేత్తో నడిచి చూసి, అసలు సొమ్ము సంగతి ఆ తర్వాత చూడండి.