వినేవాళ్ళ గొంతూ పాటే

పాత సోల్, బ్లూస్ పాటల అభిమానులు స్టూడియోలో పాడినవాటికంటే జనం ముందు పాడిన రికార్డులనే ఎక్కువగా వెతుక్కుంటారు. ఎందుకని అడిగితే "ఊపు ఉంటుంది" అంటారు. ఆ మాట నిజమే గానీ సరిపోదు. శామ్ కుక్ రికార్డులు రెండింటిని పక్కపక్కన పెట్టి వింటే అసలు సంగతి తెలుస్తుంది.

శామ్ కుక్ 1931లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో పుట్టి, షికాగోలో పెరిగిన నల్లజాతి గాయకుడు. తండ్రి పాస్టరు. మొదట చర్చి పాటల బృందంలో పాడాడు. 1957 నుంచి ప్రేమపాటలతో దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. చర్చిలో పాడే తీరు బయటి పాటల్లోకి నడిచొస్తే సోల్ అయింది. అంతకు ముందునుంచీ ఉన్న బ్లూస్‌కు పత్తిచేలల్లో పనిచేస్తూ పాడుకున్న పాటలు ఒక వేరు. చర్చిలోనైనా చేనులోనైనా పద్ధతి ఒక్కటే. ఒకరు ఎత్తుకుంటారు, మిగతావాళ్ళు బదులిస్తారు.

1963 జనవరి 12న మయామీ నగరంలో, ఓవర్‌టౌన్ అనే నల్లవాళ్ళ పేటలో, హార్లెం స్క్వేర్ క్లబ్బులో ఆయన పాడాడు. ఆర్‌సీఏ కంపెనీ దాన్ని రికార్డు చేసింది. అందులో గొంతు బొంగురుపోతుంది, కేక వేస్తుంది. కింగ్ కర్టిస్ శాక్సోఫోన్ దాని వెంటపడుతుంది. 'ఫర్ సెంటిమెంటల్ రీజన్స్' అనే మెత్తని పాట దగ్గర జనమే పాట అందుకుంటారు. ఆయన వాళ్ళకు చోటిస్తాడు. అక్కడ ఎవరు గాయకుడు, ఎవరు శ్రోత అని గీత గీయలేం.

1964లో న్యూయార్క్‌లోని కోపకబానా అనే ఖరీదైన క్లబ్బులో పాడిన రికార్డులోనూ ఇదే పాట ఉంది. అక్కడ ఆర్కెస్ట్రా ఉంది, కొలిచినట్టు పలికే నున్నని గొంతు ఉంది. అది చెడ్డ రికార్డేమీ కాదు, ఆ నేర్పు చిన్నదీ కాదు. కానీ విన్నాక గాయకుడు ఒక్కడే గుర్తుంటాడు. మయామీ రికార్డు విన్నాక ఆ పేట మొత్తం గుర్తుంటుంది.

కోపా రికార్డు అదే ఏడాది బజారుకొచ్చింది. మయామీది మరీ మోటుగా ఉందని, ఆయన మంచిపేరుకు తగదని కంపెనీ పక్కన పెట్టిందంటారు. 1964 డిసెంబరులో ఆయన చనిపోయాడు. ఆ రికార్డు 1985లో గానీ బయటికి రాలేదు. ఇప్పుడు గొప్ప లైవ్ రికార్డుల్లో ఒకటిగా దాన్ని లెక్కిస్తున్నారు. ఆలోగా ఓవర్‌టౌన్ మీదుగా పెద్ద రహదారులు వేశారు, వేలమంది ఇళ్ళు పోగొట్టుకున్నారు. ఆ పేట గొంతు కొంత ఈ రికార్డులో మిగిలింది.

మా కోయల రేల పాటలోనూ ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకుంటారు. అంతమాత్రాన వాళ్ళ చరిత్రా మన చరిత్రా ఒకటే అనకూడదు. బానిసత్వం వాళ్ళు పడ్డ బాధ. అయితే మోటుదనం పేరుతో పాటలో ఏది కోసేస్తారో వాళ్ళ అనుభవం నుంచి మనం నేర్చుకోవచ్చు. ఈ రోజుల్లో మన పాటలను ఒక్క గొంతుతో, కీబోర్డుతో రికార్డు చేసి "పాట బాగుపడింది" అంటున్నారు. బదులిచ్చే గుంపు అందులో వినపడదు.

ఫోనులో పెద్దల పాటలు రికార్డు చేసే యువతకు, పిల్లలతో పాడించే తోటి ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. మైకు పాడేవాళ్ళ నోటికి మరీ దగ్గరగా పెట్టకండి. దగ్గు, నవ్వు, అడుగుల చప్పుడు, వెనక నుంచి అందుకునే ముసలమ్మ గొంతు, అన్నీ పడనివ్వండి.