ఎవలితోనూ సెప్పకురా

ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు చెప్పుకునే వేళ ఒకావిడ లేచి నిలబడింది. నౌపడ ఉప్పు మడుల్లో కూలిపనికి వెళ్లే మనిషి. మా సంఘంలో ఆ వేళ మోకాళ్ల నొప్పులు, పిల్లల ఉద్యోగాలు, గల్ఫ్ వెళ్లినవాళ్ల క్షేమం వినిపిస్తాయి. ఆవిడ తిన్నగా డబ్బు మాటే ఎత్తింది. "వానకి మడులన్నీ పాడైపోనాయి. పదిరోజులై పని నేదు. గుంటకి పరీక్ష ఫీజు కట్టాల. పన్నెండొందలు తక్కువైనాది. అందరూ ప్రార్థన సెయ్యండి" అని కూర్చుంది. ఆవిడ్ని అడిగే ఇది రాస్తున్నాను.

నాకు నచ్చలేదు. ఇంటికొచ్చాక కూడా ఆ చిరాకు పోలేదు.

ఈ కాలమ్ చదివేవారికి నా పట్టింపు తెలుసు. విశ్వాసి తన అవసరం దేవుడికి చెప్పుకోవాలి, మనుషులకు కాదు. ఎక్సెటర్‌లో బాగా సాగుతున్న దంతవైద్యం వదిలేసిన ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ గురించి ఇక్కడ చాలాసార్లు రాశాను. రేపటి కోసం కూడబెట్టుకోవద్దని 1825లోనే చిన్న పుస్తకం రాసినాయన. ఆయన పిలుపుతో 1836లో బయల్దేరి వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు ఏ మిషన్ సొసైటీ జీతమూ లేకుండా గోదావరి డెల్టాలో స్థిరపడిపోయాయి. హైదరాబాద్ హెబ్రోనులో భక్తసింగ్ గారి సేవకులదీ అదే బాట. నెల జీతమంటూ ఉండదు, దేవుడు పంపిందే జీవనం. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు పులకరిస్తుంది. అలాంటి నాకు, సంఘం మధ్యలో నిలబడి అంకెతో సహా చెప్పిన ఆ మాట విశ్వాసం తగ్గడంలాగే వినిపించింది.

ఆ రోజు పాస్టరయ్యగారి వాక్యం కూడా మత్తయి ఆరో అధ్యాయమే. విత్తని, కోయని, కొట్లలో దాచని ఆకాశపక్షులు. మాకు ఆ వాక్యం వినడానికి ఊహ అక్కర్లేదు. పక్కనే తేలినీలాపురం. ఏటేటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. ఆ ఊరివాళ్లు వాటిని పండక్కి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. అయితే 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను తీరం దాటిన తెల్లారి ఆ చెట్ల కింద ఏం చూశామో కూడా మాకు గుర్తే. కూలిన కొమ్మలు, తడిసి పడివున్న పక్షులు. పిచ్చుక నేల రాలదని యేసు ఎక్కడా అనలేదు. తండ్రికి తెలియకుండా రాలదన్నాడు. రెండింటికీ ఉన్న తేడా మీద ఎప్పుడైనా విడిగా రాయాలి.

ఆ చిరాకుతోనే మంగళవారం మా అమ్మ గురించి రాద్దామని కూర్చున్నాను. సంతృప్తి అంటే ఏమిటో ఆవిడ బతుకులో చూపిద్దామని.

మా నాన్న ఉప్పు మడుల్లోనే పని చేసేవాడు. ఉప్పు తయారు చేస్తారని మా దగ్గర అనరు, పండిస్తారంటారు. వరి పండించినట్టే. ఏటిపోటుకి వచ్చిన సముద్రపు నీటిని ఒక మడిలోంచి ఇంకో మడిలోకి మళ్లిస్తూ, ఎండకి చిక్కబడనిస్తూ, చివరి మడిలో గడ్డకట్టనివ్వాలి. వారాల పని. తీసిన ఉప్పు గట్టున రాశి పోసి తాటాకు కప్పుతారు. మధ్యలో ఒక్క వాన కురిస్తే చిక్కబడ్డ నీళ్లు పలచబడిపోతాయి, మళ్లీ మొదటి మడి నుంచి మొదలు. రైతుకి వాన వరం. మాకు ఎండే వరం. మిగతా ఊరంతా వానకి ప్రార్థన చేస్తుంటే మా ఇల్లు నోరు మూసుకుని కూర్చునేది.

అమ్మకి ఒక డాల్డా డబ్బా ఉండేది. ఎసట్లో బియ్యం పోసే ముందు గుప్పెడు తీసి అందులో వేసేది. ఆదివారం గుడ్డసంచిలో పోసుకుని గుడికి తీసుకెళ్లేది. దోర్నకల్‌కి 1912లో బిషప్ అయిన అజరయ్య గారు పల్లె క్రైస్తవులకి ఎంతో శ్రద్ధగా నేర్పిన అలవాటు ఇది. డబ్బులేని ఇల్లు ఉండొచ్చు, గుప్పెడు లేని ఇల్లు ఉండదు కదా. క్రైస్తవులు ఇవ్వడమనే దాని మీద ఆయన ఏకంగా పుస్తకమే రాశారు.

ఒక ఏడాది ఎండల్లో మూడు రోజులు వాన పట్టింది. అప్పటికింకా రెండు రూపాయల బియ్యం పథకం రాలేదు, అది వచ్చింది 1983లో. మొదటి వారం ఇంట్లో బియ్యం ఉన్నాయి. అమ్మ గుప్పెడు తీయడం మానలేదు. రెండో ఆదివారం మొట్టమొదటిసారి వట్టి చేతులతో గుడికి వెళ్లింది. ఆ సాయంత్రం దీపాలవేళ పాస్టరమ్మగారు పైట కొంగు చాటున సంచితో వచ్చింది. ఏమీ అడగలేదు. సంచి గడప లోపల పెట్టి వెళ్లిపోయింది.

అవి ఊరందరి గుప్పెళ్లు. దొడ్డువి, సన్నవి, ఉప్పుడు బియ్యం, ముతకవి అన్నీ కలిసిపోయి ఉన్నాయి. వండితే కొన్ని మెత్తగా చిదిగిపోయాయి, కొన్ని పలుకుగా ఉండిపోయాయి. ఆ అన్నం రుచి నా నాలుక మీద ఇంకా ఉంది. అమ్మ వడ్డిస్తూ నా చెవి దగ్గరకి వంగి, "ఎవలితోనూ సెప్పకురా గుంటడా" అంది. ఆ తర్వాత చాలా నెలలు గుళ్లో చివరి చాప మీదే కూర్చుంది. పాస్టరమ్మగారి ముఖం వైపు తిన్నగా చూడగా నేను చూడలేదు.

ఇన్నేళ్లూ దాన్ని నేను సంతృప్తి అనుకున్నాను. ఇక్కడిదాకా రాశాక కలం ఆగింది. చివరి చాప మీద కూర్చున్న మనిషికి ఉన్నది సంతృప్తి కాదు, సిగ్గు.

లేచి ఫిలిప్పీయులకు రాసిన పత్రిక తీశాను. ఏ స్థితిలో ఉన్నా తృప్తిగా ఉండడం నేర్చుకున్నానని పౌలు చెప్పే నాలుగో అధ్యాయం. ఆ మాటని క్యాలెండర్ల మీద, పెళ్లి శుభలేఖల మీద ఎన్నిసార్లు చదివానో. కానీ అది ఎక్కడ ఉందో సరిగ్గా చూడలేదు. అది డబ్బు ముట్టిందని రాసిన ఉత్తరంలో ఉంది. ఖైదులో ఉన్నవాడికి ఎపఫ్రొదితు చేత ఫిలిప్పీ సంఘం పంపిన కానుక అందింది. దానికి కృతజ్ఞత చెబుతూ, థెస్సలొనీకలో ఉన్నప్పుడు కూడా ఒకటికి రెండుసార్లు పంపారని లెక్క గుర్తుచేసుకుంటూ, నా ఇబ్బందిలో పాలుపంచుకుని మంచిపని చేశారంటాడు. తృప్తి నేర్చుకున్నవాడు ఇబ్బంది అనే మాట దాచలేదు. గ్రోవ్స్ గారి మీద నా గౌరవం ఇసుమంత కూడా తగ్గలేదు. కానీ ఆయనా, ఆయన వెంట వచ్చినవాళ్లూ తాము ఎంచుకుని వదిలేశారు. మడి కరిగిపోయిన కూలి మనిషి ఏం ఎంచుకుంది? ఆవిడ నోరు మూసుకుని ఉంటే దాన్ని విశ్వాసమని మెచ్చుకోవడానికి, నెలనెలా పెన్షన్ అందుకునే నాకు హక్కేమిటి?

ఇంకో సంగతీ ఉంది. కానుకల పెట్టె మీద అంటించిన క్యూఆర్ కోడ్ గురించి ఇదే కాలమ్‌లో ఎంత బాధపడ్డానో మీకు తెలుసు. గుప్పెడు బియ్యం పోయి ఆ కాగితం వచ్చిందని. ఆ ఆదివారం దీవెన ప్రార్థన అయ్యేసరికి కుర్రాళ్లు తలా యాభై, వంద కొట్టి ఆ పన్నెండొందలూ పూర్తి చేశారు. ఇవాళ ఆవిడ ఇంట్లో రేషన్ బియ్యం ఉన్నాయి. గుప్పెడు బియ్యం పట్టుకెళ్తే కాలేజీవాళ్లు తీసుకోరు కదా. నేను మాత్రం ఆ రోజు ఏమీ ఇవ్వలేదు.

బుధవారం ఖరగ్‌పూర్‌కి ఫోన్ చేశాను. చిన్నప్పుడు మా పక్కింట్లో ఉండే అమ్మాయికి, ఇప్పుడు మనవలున్న మనిషికి. వాళ్ల నాన్నదీ ఉప్పు పనే. మా సంఘం వాళ్లు కాదు. ఆ వాన పడ్డ నెలలోనే ఇల్లంతా రైలెక్కి వెళ్లిపోయారు. ఎందుకెళ్లారో మా ఇంట్లో ఎప్పుడూ అనుకోలేదు. ఆ రోజుల్లో మీ ఇంట్లో ఎలా ఉండేదమ్మా అని అడిగాను.

"పస్తులే అన్నయ్యా. మీకంటే ముందే అయిపోనాయి. మా అమ్మ కూడా ఎవలితోనూ సెప్పొద్దంది" అంది. కాసేపు ఆగి, "మనకి నడిమిన ఒకటే గోడ కదా. పొద్దున్నే మీ అమ్మ డబ్బాలో బియ్యం ఏసిన సప్పుడు మాకు ఇనపడేది" అంది.