బిగ్‌క్వెరీ ఎమ్యులేటర్ : ఒక విమర్శనాత్మక పరిశీలన

డేటా వేర్‌హౌస్ గురించి పుస్తకంలో చదవడం ఒక ఎత్తు, ప్రయోగం చేసి చూడడం మరొక ఎత్తు. గూగుల్ బిగ్‌క్వెరీలో పూర్తి స్థాయి ఖాతా తెరవాలంటే చెల్లింపు కార్డు వివరాలు ఇవ్వాలి. పగలు ఉద్యోగం చేసుకుంటూ రాత్రి చదువుకునే మీకు, తెలియక రాసిన ఒక ప్రశ్నకు బిల్లు వస్తే ఎలా అన్న సందేహం కలగడం సహజం. అందుకే చాలామంది ఎమ్యులేటర్ వైపు మొగ్గుతారు. అది ఏం నేర్పుతుందో, ఏం నేర్పలేదో ఇక్కడ పరిశీలిద్దాం.

పబ్‌సబ్, స్పానర్ వంటి సేవలకు గూగుల్ తానే ఎమ్యులేటర్లు అందిస్తోంది. మనం చర్చించే బిగ్‌క్వెరీ ఎమ్యులేటర్ మాత్రం గూగుల్ తయారుచేసినది కాదు. గో భాషలో స్వతంత్రంగా రాసిన ఓపెన్ సోర్స్ సాధనం. దీన్ని డాకర్ కంటైనర్‌గా నడపవచ్చు. ప్రోగ్రామ్‌నూ దానికి కావలసిన సరంజామానూ ఒకే మూటగా కట్టి ఇచ్చేదే కంటైనర్ అని గుర్తుంచుకుంటే చాలు. ప్రాజెక్టు పేరు, డేటాసెట్ పేరు ఇచ్చి నడిపిస్తే 9050 పోర్టులో మీ అభ్యర్థనల కోసం ఎదురుచూస్తుంది. మీ పైథాన్ ప్రోగ్రామ్‌లో గూగుల్ చిరునామాకు బదులు లోకల్‌హోస్ట్ చిరునామా ఇవ్వాలి. (ఇమేజ్‌ను మొదటిసారి దించుకోవడానికి డేటా బాగానే ఖర్చవుతుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆధారపడేవారు ముందే చూసుకోండి.) డేటాబేస్ ఫైలు పేరు ఇవ్వకపోతే అంతా మెమరీలోనే ఉంటుంది, కంటైనర్ ఆపగానే మీ పట్టికలు పోతాయి.

దీని లోపలి నిర్మాణంలోనే మన విమర్శకు మూలం ఉంది. మీరు రాసిన ప్రశ్నను అర్థం చేసుకోవడానికి ఇది గూగుల్ 2019లో బహిరంగపరచిన జెటాఎస్‌క్యూఎల్‌ను వాడుకుంటుంది. కాబట్టి వాక్యనిర్మాణం విషయంలో అసలు బిగ్‌క్వెరీకి చాలా దగ్గరగా ఉంటుంది. అర్థమైన ప్రశ్నను అమలు చేసేది మాత్రం ఎస్‌క్యూలైట్. అది ఒక అడ్డు వరుసలోని విలువలన్నిటినీ ఒకచోట దాస్తుంది. బిగ్‌క్వెరీ ఒక్కొక్క నిలువు వరుసను, అంటే కాలమ్‌ను, విడిగా దాస్తుంది. జవాబు రెండు చోట్లా ఒకటే రావచ్చు. ఆ జవాబు కోసం చదివిన డేటా ఒకటి కాదు.

ఒక లెక్క వేసి చూడండి. 10 కోట్ల వరుసలు, 20 పూర్ణాంక కాలమ్‌లు ఉన్న పట్టిక ఉందనుకుందాం. ఒక్కో విలువకు 8 బైట్లు. ఒక్క కాలమ్‌ను మాత్రమే అడిగితే బిగ్‌క్వెరీ 80 కోట్ల బైట్లు చదువుతుంది. సెలెక్ట్ స్టార్ అని రాస్తే 1,600 కోట్ల బైట్లు. 'చివర లిమిట్ 10 పెట్టాను కదా, పది వరుసలే చదువుతుంది' అనుకుంటే పొరపాటు. క్లస్టరింగ్ లేని పట్టికలో లిమిట్ వల్ల తెరమీద కనిపించేవి తగ్గుతాయి గాని, లెక్కకట్టే బైట్లు తగ్గవు. ఆన్-డిమాండ్ పద్ధతిలో బిల్లు వచ్చేది ఈ బైట్లకే.

ఎమ్యులేటర్‌లో నాలుగు వరుసల పట్టిక మీద సాధన చేసిన విద్యార్థికి ఈ తేడా అనుభవంలోకి రాదు. సెలెక్ట్ స్టార్ అక్కడ క్షణంలో పూర్తవుతుంది, పైసా ఖర్చుండదు, అలవాటు మాత్రం స్థిరపడుతుంది. పార్టిషన్ల సంగతీ అంతే: ఎస్‌క్యూలైట్‌లో ఆ ఏర్పాటే లేదు కనుక తేదీ షరతు పెట్టినా పెట్టకపోయినా ఖర్చులో తేడా ఎలా వస్తుందో మీకు తెలియదు. ఎవరికి ఏ పట్టిక చూసే అనుమతి ఉందన్న తనిఖీ కూడా ఇక్కడ ఉండదు. వేర్‌హౌస్ ఉద్యోగంలో రోజూ ఎదురయ్యేవి ఇవే.

అయితే నిందను సాధనం మీద వేయడం న్యాయం కాదు. ప్రోగ్రామర్లు తమ కోడ్‌ను పరీక్షించుకోవడానికి పుట్టిన వస్తువు ఇది. ఆ పని చక్కగా చేస్తుంది. దాన్ని వేర్‌హౌస్‌కు ప్రత్యామ్నాయంగా పాఠాల్లో చూపించడం దగ్గరే చిక్కు వస్తోంది.

కార్డు లేనివారికి బిగ్‌క్వెరీ శాండ్‌బాక్స్ అనే మరో దారి ఉంది. నెలకు 1 టెబీబైటు వరకు ప్రశ్నలు, 10 గిబీబైట్ల నిల్వ ఉచితం. మన ఉదాహరణలోని సెలెక్ట్ స్టార్‌ను నెలకు 68 సార్లు నడపవచ్చు. ఒక్క కాలమ్ ప్రశ్ననైతే 1,370 సార్లకు పైగా. కాని శాండ్‌బాక్స్‌లో ఇన్సర్ట్, అప్‌డేట్, డిలీట్ వాక్యాలు పనిచేయవు. పట్టికలు 60 రోజుల్లో గడువు తీరి తొలగిపోతాయి. ఈ వాక్యాలను ఎమ్యులేటర్‌లో స్వేచ్ఛగా సాధన చేయవచ్చు. బైట్ల లెక్కను శాండ్‌బాక్స్ చూపుతుంది. అందువల్ల మీ ప్రయోగశాల గంటలను రెండింటికీ పంచమని నా సలహా.

ఇప్పుడు ఎమ్యులేటర్‌లో మీరు రాసిన ఏదైనా ఒక ప్రశ్నను తీసుకోండి. శాండ్‌బాక్స్‌లోని ఒక పబ్లిక్ పట్టికకు అనుగుణంగా దాన్ని మార్చి రాయండి. రన్ నొక్కకముందే ఎడిటర్ ఎన్ని బైట్లు చదవబోతోందో చూపుతుంది. ఆ సంఖ్యను నోటు పుస్తకంలో రాసుకొని, అవసరం లేని కాలమ్‌లను ఒక్కొక్కటిగా తీసేస్తూ ప్రతిసారీ మళ్లీ చూడండి.