పిల్లల చేత కూరలు ఏరించడం

రైతుబజారు అంటే దళారి ప్రమేయం లేకుండా, పండించినవారే తినేవారికి నేరుగా అమ్ముకొనేందుకు ప్రభుత్వం ఏర్పరచిన కూరగాయల అంగడి. పంజాబ్‌లో 1987లో ఆరంభమైన అప్నీ మండీ ఇందుకు ముందరిది కాగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలయ్యాయి. అదే ఏడాది తమిళనాడు కూడా ఉళవర్ సందై పేరిట ఇటువంటి అంగళ్లను తెరిచింది. ధర గురించీ, దళారి గురించీ జరిగినంత చర్చ, ఈ అంగడి పసిపిల్లలకు ఏం నేర్పగలదన్న విషయంపై జరగలేదు. హైదరాబాదులోని ఎర్రగడ్డకైనా, విశాఖపట్నంలోని ఎం.వి.పి. కాలనీకైనా ఆదివారం పూట పిల్లలను వెంటబెట్టుకొని వెళ్లే తల్లిదండ్రులు వారిని సాధారణంగా చెయ్యి పట్టుకొని లాక్కుపోతారు తప్ప, వారికి ఒక పని అప్పగించడం అరుదు. ఆ పని కూరలు ఏరడమే కావాలి.

కూర ఏరడమన్నది చూపుకూ వేళ్లకూ సంబంధించిన విద్య. బెండకాయ కొనను వేలితో వంచినప్పుడు పుటుక్కున విరిగితే లేతదనీ, విరగకుండా వంగిపోతే నారపట్టి ముదిరిందనీ అర్థం. సొరకాయ మీద గోరు తేలికగా దిగితే లేతది. వంకాయ తొడిమ పచ్చగా ఉండి, చర్మం నిగనిగలాడుతూ, పరిమాణానికి మించిన బరువు లేకుండా ఉంటే లోపల గింజ ముదరలేదని తెలుసుకోవచ్చు, చిన్న చిల్లు కనబడితే పుచ్చని పక్కన పెట్టవచ్చు. అయిదారేళ్ల పిల్లలకు ఇవేవీ కష్టం కావు. నేలమీద పరచిన గోనెపట్టాల మీది కుప్పలు పెద్దలకంటే వారి కంటికే దగ్గరగా ఉంటాయి. అయితే దీనితోపాటే నేర్పవలసిన మర్యాద ఒకటుంది: కొన విరిచి చూసిన బెండకాయను, గోరు దించిన సొరకాయను తిరిగి కుప్పలో పడేయకూడదు, అది అవతలివారి కష్టం కనుక. ఈ మర్యాద పాటించని పెద్దలు ప్రతి అంగడిలోనూ కనిపిస్తారు గనుక, పిల్లలకు ముందే చెప్పడం మేలు.

ఏరిన కాయను తూకానికి పెట్టినప్పుడు రెండో పాఠం మొదలవుతుంది. పావు, అర, ముప్పావు అన్న భిన్నాలు పలకమీద ఎంతగా దిద్దించినా అంతుపట్టని బిడ్డకు, పావుకిలో పచ్చిమిర్చికీ ముప్పావుకిలో దొండకాయకూ మధ్య ఉన్న తేడా సంచి మోసే చేతికి తెలుస్తుంది. రైతుబజారులో ధరను టోకు మార్కెట్ ధరకు పైన, బయటి చిల్లర ధరకు దిగువన ఉండేలా నిర్ణయించి పలకమీద రాసిపెడతారు కాబట్టి, చదవడం అప్పుడప్పుడే వచ్చిన పిల్లలు ఆ అంకెలను బిగ్గరగా చదివి లెక్క కట్టవచ్చు. బేరసారాల గొడవ లేనందువల్ల వారి సంభాషణ ధరను వదిలి పంట మీదికి మళ్లుతుంది. తూకం ముగిశాక అమ్మేవారు ఇష్టంగా వేసే నాలుగు మిరపకాయలనో, కరివేపాకు రెబ్బనో కొసరు అంటారు. కొసరును హక్కుగా గుంజుకోరాదనీ, ఇస్తే సంతోషంగా పుచ్చుకోవాలనీ ఆ వయసులోనే తెలియాలి.

పేర్ల విషయం మరింత విలువైనది. ఒకే ఆకు కోస్తావారికి గోంగూర, తెలంగాణవారికి పుంటికూర. ఒకే కాయ కొందరికి సొరకాయ, మరికొందరికి ఆనపకాయ. ఉల్లిపాయ రాయలసీమలో ఎర్రగడ్డ, తెలంగాణలో ఉల్లిగడ్డ. పలు ప్రాంతాలవారు కలిసే నగరపు అంగడిలో ఒక్క గంట తిరిగిన బిడ్డకు ఈ పేర్లన్నీ చెవిన పడతాయి. కూరలన్నింటినీ ప్లాస్టిక్ పొట్లాలలో, ఆంగ్లపు చీటీలతో చూస్తూ పెరిగే పిల్లలు చుక్కకూరను బచ్చలి నుంచి, పొన్నగంటిని తోటకూర నుంచి వేరుచేసి చెప్పలేకపోవడం భాషకు జరుగుతున్న నష్టమే. రుతువు కూడా ఇక్కడే కంటికి కనిపిస్తుంది: చలికాలంలో చిక్కుడు కుప్పలు పెరుగుతాయి, వేసవిలో ఆవకాయ కాయలను అక్కడే కత్తిపీట మీద ముక్కలు కొట్టిస్తారు, ప్రతి ముక్కకూ టెంక అంటి ఉందో లేదో చూసే పనిని పిల్లలకు అప్పగిస్తే వారు ఎంతో శ్రద్ధగా చేస్తారు.

పండించినవారు ఎదుటనే కూర్చొని ఉండటమే ఈ అంగడి ప్రాణం. రైతుకు అధికారులు గుర్తింపు కార్డు ఇచ్చే పద్ధతి పెట్టింది అందుకోసమే. రైతు పేరుతో వ్యాపారులు చేరిన చోట ధర మాట అలా ఉంచి, ఈ తోట ఎక్కడిది, నీళ్లెలా పెడతారు, దీనికి పురుగెందుకు పట్టింది అని పిల్లలు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పగలవారే ఉండరు. ఇది అంగడికి జరిగే అన్యాయాలన్నింటిలోకీ పెద్దది.

కనుక వచ్చే ఆదివారం ఎండ ముదరకముందే, పిల్లలు మోయగలిగినంత చిన్న గుడ్డసంచిని వారి చేతికిచ్చి రైతుబజారుకు తీసుకువెళ్లండి. రైతును తాతా అనో, అక్కా అనో వారినే పిలవనివ్వండి, ఒక్క కూరనైనా పూర్తిగా వారినే ఏరనివ్వండి. అందులో నాలుగు ముదురు కాయలు వచ్చినా మందలించకుండా, ఆ పూట ఆ కూరే వండి పెట్టండి.