ఇల్లు తన చిరునామా తానే కనుక్కునే విద్య

ఇంట్లో నడిచే సర్వర్‌ను పొరుగూరి నుంచి చూసుకోవాలంటే ముందు ఆ ఇంటి పబ్లిక్ ఐపీ అడ్రస్ తెలియాలి. చాలా కనెక్షన్లకు అది నిలకడగా ఉండదు. కరెంటు పోయి రౌటర్ మళ్లీ వెలిగితే చాలు, మారిపోవచ్చు. హోమ్ అసిస్టెంట్ వాడేవాళ్లు ఈ కాపలా పనిని ఒక చిన్న సెన్సర్ ద్వారా ఇంటికే అప్పగిస్తారు. పౌలస్ స్కౌట్‌సెన్ 2013లో మొదలుపెట్టిన ఈ ఓపెన్ సోర్స్ హోమ్ ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్‌కు ఇంటి లెక్కలు ఇంట్లోనే ఉండాలన్నది తొలినుంచీ ఉన్న పట్టు. ఈ సెన్సర్‌లోనూ నాకు ఆ పట్టే కనిపిస్తుంది.

అమర్చడం తేలిక. సెట్టింగ్స్‌లో డివైసెస్ అండ్ సర్వీసెస్‌కు వెళ్లి, డీఎన్ఎస్ ఐపీ అనే ఇంటిగ్రేషన్ చేర్చాలి. హోస్ట్‌నేమ్ గడిలో మైఐపీ డాట్ ఓపెన్‌డీఎన్ఎస్ డాట్ కామ్ అని ముందే ఉంటుంది. దాన్ని అలాగే ఉంచితే సరి.

అసలు చమత్కారం ఆ పేరులోనే ఉంది. మామూలు పేరు గురించి ఎవరు అడిగినా డీఎన్ఎస్ ఆ పేరు తాలూకు అడ్రసే చెబుతుంది. ఈ పేరు గురించి ఓపెన్‌డీఎన్ఎస్ సర్వర్‌ను, అంటే 208.67.222.222ను అడిగితే మాత్రం, అడిగినవారి అడ్రసే జవాబుగా వస్తుంది. ఖాతా అక్కర్లేదు, వెబ్‌పేజీ తెరవక్కర్లేదు. రెండు నిమిషాలకోసారి ఒక చిన్న ప్రశ్న, అంతే. ఇంత పొదుపైన ఉపాయం నాకెంతో ఇష్టం. అయితే రౌటరో ప్రొవైడరో దారిలో డీఎన్ఎస్ ప్రశ్నలను పట్టుకుని వేరే సర్వర్‌కు మళ్లిస్తే సరైన జవాబు రాదు.

అడ్రస్ మారగానే ఫోన్‌కు కబురు పంపే ఆటోమేషన్ పెట్టుకోవచ్చు. అక్కడ ఒక జాగ్రత్త అవసరం. నెట్ పోయినప్పుడు సెన్సర్ అన్‌అవైలబుల్ అంటుంది, తిరిగొచ్చాక అడ్రస్ చూపిస్తుంది. ఈ రెండూ మార్పులే కాబట్టి ఊరికే కబుర్లు వస్తాయి. పాత విలువ, కొత్త విలువ రెండూ నిజమైన అడ్రస్‌లైతేనే పంపమని షరతు పెట్టాలి. మారే అడ్రస్‌ను వెంబడించే డైనమిక్ డీఎన్ఎస్ పేరు ఉన్నవాళ్లు దానికీ ఇంకో సెన్సర్ పెట్టుకుంటే మంచిది. రెండు సెన్సర్ల అడ్రస్‌లు చాలాసేపు కలవకపోతే ఆ పేరు అప్‌డేట్ కాలేదన్నమాట.

సెన్సర్ చూపే అడ్రస్‌ను రౌటర్ పేజీలోని వ్యాన్ అడ్రస్‌తోనూ పోల్చి చూడాలి. రౌటర్‌లో 100.64 నుంచి 100.127 మధ్య మొదలయ్యే అడ్రస్ ఉంటే కనెక్షన్ సీజీనాట్ వెనుక, అంటే చాలా ఇళ్లు ఒకే పబ్లిక్ అడ్రస్‌ను పంచుకునే ఏర్పాటు వెనుక, ఉన్నట్టు. ఆ శ్రేణిని 2012లో ఇందుకోసమే కేటాయించారు. అపార్ట్‌మెంట్ గేటు దాకా వచ్చిన మనిషికి ఫ్లాట్ నంబర్ తెలియనట్టే, సెన్సర్ చెప్పిన అడ్రస్ నిజమైనదే అయినా దాని ద్వారా మన ఇంటిని చేరలేం. అప్పుడు పోర్ట్ ఫార్వర్డింగ్‌తో కుస్తీ పడటం వృథా. ప్రొవైడర్‌ను స్టాటిక్ ఐపీ అడగాలి, లేదా వీపీఎన్ దారి చూసుకోవాలి.

ఐపీవీ6 ఉన్న ఇంట్లో ఇంకో సెన్సర్ కూడా వస్తుంది. అది చూపేది సాధారణంగా రౌటర్ అడ్రస్ కాదు, హోమ్ అసిస్టెంట్ నడుస్తున్న యంత్రానిదే.