ఎర్రనేల అన్న ఒక్క మాట చాలునా?

పాఠశాల గోడకు వ్రేలాడే నేలల పటంలో తూర్పు కనుమలకు సాధారణంగా ఒకే రంగు వేసి ఉంటుంది. దాని ప్రక్కన "ఎర్ర నేలలు" అన్న రెండు మాటలు ఉంటాయి. విద్యార్థి వాటిని కంఠస్థం చేసి పరీక్షలో వ్రాస్తాడు, మార్కులు పొందుతాడు. అరకు లోయలోని గిరిజన రైతుకు మాత్రం ఆ రెండు మాటలతో ఒక్క పంటకాలం కూడా గడవదు. అతనికి కొండ వేరు, గరువు వేరు, పల్లం వేరు. కొండవాలు మీద సామలు చల్లుతాడు; గరువులో చోడి, వలిసెలు వేస్తాడు; గెడ్డ ప్రక్కన మడులు కట్టి వరి నాటుతాడు. పటం చేసిన విభజన ఒకటి, రైతు చేసిన విభజన మరొకటి. వీటిలో శాస్త్రానికి దగ్గరగా ఉన్నది ఏది?

పటం వేసినవారి పక్షాన ఒక మాట ముందుగా చెప్పవలెను. దేశమంతటినీ ఒక కాగితంపై చూపవలసి వచ్చినప్పుడు కొండకూ లోయకూ వేరు వేరు రంగులు వేయుట సాధ్యం కాదు. విజయనగరం నుండి కోరాపుట్ వరకు ప్రయాణించే బాటసారికి దారి పొడుగునా కనిపించేది చాలావరకు ఎరుపే. కాబట్టి పటం అబద్ధమాడటం లేదు. పాఠం ఆ రంగు దగ్గరే ఆగిపోవుట లోపం. ఆ రంగు ఎట్లా వచ్చినది, ఎక్కడ మారుతున్నది, ఎందుకు మారుతున్నది అని పాఠం అడగదు.

రెండవ లోపం అరువు తెచ్చుకున్న ఉదాహరణలది. నేల పుట్టుకను గురించిన ఆధునిక శాస్త్రం చాలావరకు చలిదేశాలలో పెరిగినది. రష్యాలో దొకుచాయెవ్ నల్లనేలలపై తన గ్రంథాన్ని 1883లో ప్రకటించినాడు. అమెరికాలో హాన్స్ జెన్నీ 1941లో నేలను తయారుచేసే కారకాలు ఐదని సూత్రీకరించినాడు: శీతోష్ణస్థితి, జీవులు, భూమి వాలు, మూలశిల, కాలం. సూత్రం అన్ని దేశాలకూ వర్తిస్తుంది. దానికి చూపే ఉదాహరణలు మాత్రం వర్తించవు.

కెనడా, స్వీడన్, ఫిన్లండ్ వంటి దేశాలలో, అమెరికా ఉత్తర రాష్ట్రాలలో సుమారు 20,000 సంవత్సరాల క్రితం మంచు పలకలు దట్టంగా కప్పుకొని ఉండేవి. అవి కదులుతూ క్రింది రాతిని గీకి, నూరి, మోసుకొని వచ్చినవి. కరిగిపోతూ ఆ సరుకునంతా దించివేసినవి. ఒకచోట బండలూ ఇసుకా బంకమన్నూ కలగలిసిన గుట్టలు, ఒకచోట మంచునీరు జల్లించిన ఇసుక మైదానాలు, మరొకచోట మంచు సరస్సుల అడుగున పేరుకున్న మెత్తని మన్ను మిగిలినవి. అందువల్ల అక్కడ ఒక క్రోసు నడిస్తే నేల రెండు మూడు విధాలుగా మారవచ్చును. ఆ తేడాలకు ముఖ్యమైన కారణం మంచు ఎక్కడ ఏమి వదలినదన్నదే. ఆ నేలల వయస్సు చాలాచోట్ల పది పన్నెండు వేల సంవత్సరాలకు మించదు. వాటిలోని రాతిపొడి ఇంకా పచ్చిగానే ఉన్నది. అభ్రకం, ఫెల్‌స్పార్ వంటి ఖనిజాలు నెమ్మదిగా కరుగుతూ పైరుకు పొటాషు, సున్నం అందిస్తూనే ఉన్నవి.

అరకుకు ఇటీవలి మంచుయుగాలలో హిమానీనదం రాలేదు. ఈ ప్రాంతానికి దగ్గరలో మంచు పనిచేసిన గుర్తులు లేకపోలేదు. ఒరిస్సాలోని తాల్చేరు వద్ద కనబడిన బండరాళ్ళ పొర మంచు తెచ్చిపెట్టినదని 1856లోనే భూగర్భ శాస్త్రజ్ఞులు సూచించినారు. అటువంటి పొరలు గోదావరి లోయలోనూ ఉన్నవి. కాని ఆ మంచు సుమారు 30 కోట్ల సంవత్సరాల నాటిది. అది వదలిన మన్ను ఏనాడో గట్టిపడి రాయి అయిపోయినది. నేటి అరకు నేలను మంచు చేయలేదు. వాన, వేడిమి, చెట్ల వేళ్ళు కలిసి, ఉన్నచోటనే రాతిని కుళ్ళబెట్టి తయారుచేసినవి. జెన్నీ చెప్పిన ఐదు కారకాలలో కాలం అన్నది ఉత్తర దేశాలలో వేల సంవత్సరాలైతే, ఇక్కడి కొండశిఖరాలపై లక్షలను దాటి కోట్లకు పోతుంది. పాఠం చెప్పవలసిన మొదటి భేదం ఇదే.

ఇక మూలశిల. ఈ కొండలలో విస్తారంగా కనిపించేది ఖోండలైట్. ఇక్కడి ఖోండు గిరిజనుల పేరే టి. ఎల్. వాకర్ 1902లో ఆ రాతికి పెట్టినాడు. ప్రపంచ భూగర్భశాస్త్రంలో ఆ జాతి పేరు నిలిచియుండగా, వారు నడిచే నేలను గురించి పాఠ్యగ్రంథంలో ఒక పేరా అయినా లేకపోవుట విచిత్రమే. ఖోండలైటులో పలుగురాయి, ఫెల్‌స్పార్, గార్నెట్, సిల్లిమనైట్, కొద్దిగా గ్రాఫైట్ ఉంటాయి. వాననీరు తగిలిన ఫెల్‌స్పార్ తెల్లని సుద్దమన్ను అవుతుంది. గార్నెట్‌లోని ఇనుము తుప్పుపట్టి ఆ సుద్దకు ఎర్రరంగు పూస్తుంది. అనంతగిరి ఘాటు రోడ్డు ప్రక్కన కోసిన గట్లను పరిశీలిస్తే పైన ఎర్రమన్ను, దాని క్రింద చేతితో నలిపితే పొడి అయ్యే మచ్చల రాయి, అడుగున గట్టిరాయి వరుసగా కనిపిస్తాయి. అదే కొండలలోని చార్నొకైట్ అంత సులభంగా లొంగదు. పెద్ద గుండ్లుగా మిగిలి, పలుచని గరుకునేలను ఇస్తుంది. బొర్రా గుహల వద్ద సున్నపురాయి బయటపడి ఉన్నది. ఇన్ని రాళ్ళపై పుట్టిన మన్ను ఒకే మన్ను కాజాలదు.

వాలు చేసే పని ఇంకొకటి. 1935లో జెఫ్రీ మిల్నే తూర్పు ఆఫ్రికాలో కొండ తల నుండి లోయ అడుగు వరకు నేలలు ఒక క్రమంలో మారుతున్నవని గమనించి, ఆ వరుసకు "గొలుసు" అనే అర్థం గల లాటిన్ పేరు పెట్టినాడు. ఆ గొలుసు అరకులో స్పష్టంగా కనిపిస్తుంది. చదునైన శిఖరాలపై నీరు నిలువక క్రిందికి ఇంకిపోతూ, సిలికాను కూడా కడిగివేసినది. మిగిలినది అల్యూమినియం, ఇనుము: అదే బాక్సైట్, లాటరైట్. గనులవారికి అది నిధి. మొక్కకు మాత్రం దాదాపు ఖాళీ గాదె. వాలుపై మన్ను నిలువదు, పలుచన. కొండ పాదంలో పైనుండి జారిన మన్ను చేరి లోతైన ఎర్రనేల అవుతుంది. గెడ్డ ప్రక్కన నీరు నిలిచి, గాలి ఆడక, ఇనుము ఎరుపును కోల్పోవుటచేత నేల బూడిదరంగుకు తిరుగుతుంది. కొండ, గరువు, పల్లం అన్న రైతు మాటలు ఈ గొలుసులోని కడియాలే. మిల్నే పుట్టుటకు ముందే ఆ పేర్లు వాడుకలో ఉన్నవి.

ఇది మాటల పేచీ అనుకొనరాదు. 2015లో దేశమంతటా నేల ఆరోగ్య పత్రాల పథకం ప్రారంభమైనది. రైతు పొలం మన్నును పరీక్షించి, ఏ ఎరువు ఎంత వేయవలెనో చెప్పే మంచి ఆశయం దానిది. మొదటి రెండు విడతలలో, వర్షాధార భూములలో 10 హెక్టార్లకు ఒక గడి చొప్పున నమూనా తీసినారు. 10 హెక్టార్లంటే సుమారు 25 ఎకరాలు. ప్రక్కకు 316 మీటర్ల చదరం. గుంటూరు జిల్లా నల్లరేగడిలో అంత మేర నేల ఇంచుమించు ఒకటిగానే ఉండవచ్చును. అరకు వాలులో ఆ 316 మీటర్లలోనే కొండ అంచు, గరువు, వరిమడి మూడూ ఇమిడిపోగలవు. మూడింటికీ కలిపి ఒకే సలహా ఇస్తే, అది మూడింటిలో ఏ ఒక్కదానికీ సరిపడక పోవచ్చును. ఈ నేలలు ఆమ్ల స్వభావం కలవి. ఇనుము, అల్యూమినియం అధికంగా ఉన్నచోట వేసిన భాస్వరంలో కొంత వాటితో ముడివడి పైరుకు అందకుండా పోతుంది. పలుచని కొండనేలలో చల్లిన ఎరువు మొదటి వానకే గెడ్డలో కలుస్తుంది. నష్టం పటానికి రాదు, రైతుకు వస్తుంది.

పోడును గురించిన వాదాలలోనూ ఇదే తొందరపాటు కనిపిస్తుంది. పోడే నేలను నాశనం చేసినదని ఒకరు, పోడే పూర్వుల విజ్ఞానమని మరొకరు అంటారు. నేల పుట్టుక తెలిసినవారు ఇంకొకటి అడుగుతారు: ఈ కొండపై పైరు ఆహారం ఎక్కడ దాగి ఉన్నది? ఉత్తరదేశాల నేలలో అది రాతిపొడిలో ఉన్నది. ఇక్కడ రాతిలోని సారాన్ని వాన ఏనాడో కడిగివేసినది. మిగిలినది చాలావరకు చెట్టులోనూ, రాలిన ఆకు కుళ్ళిన పైపొరలోనూ ఉన్నది. చెట్టును కాల్చిన బూడిద ఆ సారాన్ని ఒకటి రెండు పంటలకు నేలకు అందిస్తుంది, ఆమ్లతను తగ్గిస్తుంది. చెట్టు తిరిగి పెరిగేవరకు భూమిని వదలినంతకాలం లెక్క సరిపోతుంది. విరామం తగ్గిన కొద్దీ లెక్క తప్పుతుంది. పైపొర ఒకసారి కొట్టుకొనిపోతే క్రింద మీటర్ల కొలది ఎర్రమన్ను ఉండవచ్చును గాని, దానిలో తిండి ఉండదు. నీడచెట్ల క్రింద పెంచే కాఫీ ఈ కొండలకు కుదురుటలో ఒక కారణం ఇదే: రాలిన ఆకు అక్కడే కుళ్ళుతుంది, వాన దెబ్బ నేలకు నేరుగా తగలదు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గుర్తింపు వెనుక ఉన్న పలుచని పైపొరకు కూడా అంత గుర్తింపు లభించవలసి ఉన్నది.

నేల ఆరోగ్య పత్రాన్ని త్రోసివేయనవసరం లేదు, పటాన్ని చింపనవసరం లేదు. కొండప్రాంతాలలో నమూనాలను గడులను బట్టి కాక వాలును బట్టి, అనగా కొండ, గరువు, పల్లం విడివిడిగా, తీయవలెను. పత్రంపై ఆ పేర్లే అచ్చు వేస్తే రైతుకు తన పొలం వెంటనే తెలుస్తుంది. పాఠ్యగ్రంథాలలో "ఎర్ర నేలలు" అన్న శీర్షిక క్రింద కొండ నుండి గెడ్డ వరకు ఒక అడ్డకోత బొమ్మ చేర్చవలెను. ఉపాధ్యాయులు బొమ్మకోసం వేచియుండనవసరం లేదు. విద్యార్థులను ఒక గుట్ట తల నుండి వాగు దాకా నడిపించి, మూడుచోట్ల పిడికెడు మన్ను తీయించి, తడిపి నలిపించి, రంగు చూపిస్తే చాలును. పటంలోని ఒక్క రంగు వారి అరచేతిలో మూడు రంగులవుతుంది. నేలను గురించిన చదువు అక్కడినుండి మొదలుకావలెను.